యాప్ తర్వాత, ముందు మాట పట్టుకోండి

మన క్లబ్ మీటింగ్‌లో ప్రతి సెమిస్టర్ ఒక ప్రశ్న తప్పకుండా వస్తది. "ఐడియాలు రాసుకోవడానికి ఏ యాప్ మంచిది?" ఒకరు నోషన్ అంటారు, ఒకరు అబ్సిడియన్ అంటారు, ఇంకొకరు గూగుల్ కీప్ చాలంటారు. అరగంట గడిచిపోతది. ఆ నోట్సులో అసలు ఏం రాసుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. "వర్షం మీద కవిత", "నాన్న మీద కథ" అని ఒక్కో లైను ఉంటది, రంగురంగుల ట్యాగులతో. ఆర్నెల్ల తర్వాత తెరిస్తే ఆ లైను చూసి ఏమీ గుర్తు రాదు. నన్నడిగితే అది నోట్సే కాదు.

నిజామాబాద్‌లో చదువుతూ ఈ సంగతి మాట్లాడితే ఖిల్లా జైలు గుర్తుకు రావాల్సిందే. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను అక్కడ బంధించారు. ఆయన పుట్టింది 1925లో. అంటే అప్పటికి మన ఫైనలియర్ అన్నల కంటే ఒకట్రెండేళ్ళు పెద్ద, అంతే. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. గోడ మీది బొగ్గు ఎంతసేపుంటది? తడిగుడ్డ పెడితే పోతది. కానీ అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి తన వంతుగా జైలు మనుషుల మీద 'జైలు లోపల' కథలు రాశారు. ఈ ముచ్చట మనం స్టేజీల మీద ఉద్యమ స్ఫూర్తి కోసం చెప్పుకుంటాం. నాకైతే ఇందులో రాసేవాళ్ళకు పనికొచ్చే పద్ధతి కూడా కనిపిస్తది. తోచినప్పుడే, చేతికి దొరికినదానితో రాయాలి. రాసింది పక్కన ఇంకో మనిషికి తెలియాలి. ఫోన్ పోయినా ఆ మనిషి ఉంటాడు.

మా ఊరు బోధన్ వైపు. మా తాత చెరుకు రైతు. "నరికిన చెరుకు నిలవుంటే బరువు దిగుతది, తీపి దిగుతది బిడ్డా" అంటడు. నిజమే, కోసినప్పటి నుంచే గడలో చక్కెర తగ్గడం మొదలవుతది, అందుకే ఫ్యాక్టరీకి తొందరగా తోలాలి. విన్న మాట కూడా అంతే. రాత్రి రూముకు పోయి రాద్దామనుకుంటే విషయం మిగులుతది, మాట పోతది. "తాత చెరుకు గురించి చెప్పాడు" అని రాసుకుంటే దానితో ఏ కథా రాయలేం. "బరువు దిగుతది" అన్న మాట అట్లనే ఉంటే రాయొచ్చు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటికి మనలో చాలామంది బడి పిల్లలం. ఫ్యాక్టరీ ఆగితే యంత్రాలతో పాటు వాటి చుట్టూ పుట్టిన మాటలు కూడా ఆగిపోతాయి. బండ్లు తోలినవాళ్ళు, తూకం దగ్గర నిలబడ్డవాళ్ళు, షిఫ్టులు చేసినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. ఆ మాటలు వాళ్ళ దగ్గర తప్ప ఏ సర్వర్లోనూ లేవు.

ఇట్లాంటి పని ఒకప్పుడు పెద్ద ఎత్తున జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. జిల్లాలు తిరిగి, రైతుల నోట విని సేకరించిన మాటలవి. ఏ మాట ఏ ప్రాంతానిదో చెప్పడమే ఆ పుస్తకానికి ప్రాణం. మన నోట్సులో ఎక్కువగా లేనిదీ అదే. ఎవరన్నారు, ఏ ఊళ్ళో, ఎప్పుడు? ఈ మూడూ పక్కన రాసుకుంటే ఫోల్డర్ లేకపోయినా నడుస్తది.

ఫోన్ వద్దని నేననను. కానీ రెండు చిక్కులున్నాయి. సగం నోట్సు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, సగం తెలుగులో కొడితే, తర్వాత "చెరుకు" అని వెతికినప్పుడు సగమే దొరుకుతది. స్ట్రింగ్ మ్యాచింగ్ చదివిన మనకు ఇది వేరే చెప్పాలా? పైగా "చెరకు" అని రాసేవాళ్ళు కూడా ఉంటారు. రెండోది, నా ఫోన్ కీబోర్డు "ఉంటది" కొడితే "ఉంటుంది" అని ముందుకు తోస్తది. తొందరలో అదే నొక్కితే తాత మాట టీవీ వార్తల మాట అయిపోతది. అందుకే విన్న మాట నేను జేబు పుస్తకంలో రాస్తా. ఆదివారం ఒక్కసారి కూర్చుని పనికొచ్చేవాటిని ఫోన్లోకి తెలుగు అక్షరాల్లో ఎక్కిస్తా. ఎక్కించేటప్పుడు రూమ్మేట్‌కు చదివి వినిపిస్తా. వాడు "మళ్ళీ చెప్పు" అన్నదానికి చుక్క పెడతా. నా సర్దుడంతా ఆ చుక్కే.

సెలవులకు బోధన్, ఎడపల్లి, రుద్రూర్, వర్ని వైపు పోయేవాళ్ళకు ఒక విన్నపం. ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు రాత్రంతా లైన్లో ఆగినప్పుడు ఆ బండ్లవాళ్ళు ఏం తినేవాళ్ళు, దేని గురించి మాట్లాడుకునేవాళ్ళు? ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకుని, ఊరి పేరు, తేదీ పక్కన పెట్టి వచ్చే మీటింగ్‌కు తీసుకురండి. చిత్తుకాగితమైనా పర్లేదు.