తలుపు మూసుకున్న ఇల్లు

ఇంట్లో చేరి మనుషులను తన చెప్పుచేతల్లో పెట్టుకునే దుష్టశక్తిని చిత్తూరు పల్లెల్లో ‘గాలి’ అంటారు. సాధారణంగా అది ఒక్కరికే సోకుతుంది. మిగతావాళ్లు దిగదుడుపు తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు, మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. ఆ వైద్యంలో మోసం ఉంది, దెబ్బలున్నాయి, ప్రాణాలు పోవడమూ ఉంది. అయినా ఇల్లంతా గాలికి లొంగిపోదు. చూసేవాళ్లు పక్కనే ఉంటారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పూనకం నలుగురి మధ్యే వస్తుంది. పసుపునీళ్లు, వేపాకు, కర్పూర హారతితో ఆ నలుగురే దాన్ని దించుతారు.

ఇంటిల్లిపాదీ ఒకే నమ్మకానికి లోబడి తలుపు మూసుకుంటే దించేవాళ్లుండరు. 2021 జనవరి 24న, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, ఎదిగిన ఇద్దరు కూతుళ్లు సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆ కేసులో అరెస్టయినవాళ్లు కన్న తల్లిదండ్రులే. ఇద్దరూ ఉన్నత చదువులు చదివినవాళ్లు. కలియుగం ముగిసి సత్యయుగం వస్తుందని, పిల్లలు మళ్లీ బతుకుతారని వాళ్లు నమ్మినట్టు పోలీసుల విచారణలో తేలింది. దేన్నైనా ప్రశ్నించి చూడమన్న జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరది. 1915 నుంచే కాలేజీ ఉన్న ఊరు. చదువు లేకనే ఇలాంటివి జరుగుతాయన్న వాదం అక్కడ నిలవదు.

2018 జులై 1న ఢిల్లీ బురాడీలో ఒకే ఇంట్లో 11 మంది విగతజీవులై కనిపించారు. చనిపోయిన తండ్రి ఆదేశాలంటూ ఒక కొడుకు చెప్పిన మాటలతో ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి నోటుపుస్తకాలు నింపారు.

ఇలా ఒకరి భ్రాంతి మరొకరికి చేరడాన్ని 1877లో లసేగ్, ఫాల్రే అనే ఫ్రెంచి వైద్యులు వివరించారు. మొదట భ్రాంతి కలిగిన మనిషిది ఇంట్లో చెల్లుబాటయ్యే మాటై, బయటివాళ్ల రాకపోకలు తగ్గిపోతే, తక్కినవాళ్లూ దాన్ని నిజమనుకుంటారు. అక్కడ భయం కన్నా ప్రేమే ఎక్కువ పనిచేస్తుంది. నాన్న అబద్ధం చెబుతాడని, అక్కకు మతి చెదిరిందని అనుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

చికిత్స విడదీయడంతో మొదలవుతుంది. వేరుగా ఉంచితే, ఆ నమ్మకాన్ని అందిపుచ్చుకున్నవాళ్లలో కొందరికి అది క్రమంగా సడలుతుంది. మొదటి మనిషికి మాత్రం మందులు, దీర్ఘకాల వైద్యం తప్పవు. ఇదంతా జరగాలంటే ముందు ఎవరో ఒకరు ఆ తలుపు తట్టాలి. పిల్లలు చదువు మానేసినా, చుట్టాల ఫోన్లు ఎత్తకపోయినా, రాత్రింబవళ్లు పూజలు సాగుతున్నా పొరుగువాళ్లు ఊరుకోకూడదు. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.