విదేశీ చదువు - ఇంటర్వ్యూ గది

ఈ మధ్య మన హాస్టల్లో నలుగురు ఎక్కడ కూర్చున్నా మాట విదేశీ చదువు మీదికే పోతున్నది. "అక్కడ ఎం.ఎస్. చేసి వస్తే ఏ ఇంటర్వ్యూ అయినా గెలిచినట్లే" అని ఒకరంటారు. "అప్పు తప్ప ఏమీ మిగలదు" అని ఇంకొకరంటారు. రెండింటిలోనూ సగమే నిజముందని నా అభిప్రాయం.

విదేశీ డిగ్రీ మనల్ని ఇంటర్వ్యూ గది తలుపు దాకా తీసుకుపోతుంది. లోపల మాట్లాడాల్సింది మనమే. మన హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల అమెరికాలో ఎం.ఎస్. చేసి 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అక్కడి ఇంటర్వ్యూలో ఎదురైన ఒక ప్రశ్నను ఆయన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో రాశారు. రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగారట. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తానన్నారు ఈయన. ముందు బిడ్డను ఎత్తుకోవాలి కదా అన్నాడట అడిగినాయన. ఆ జవాబు ఏ డిగ్రీలోనూ ఉండదు.

మరి విదేశీ చదువు వల్ల లాభమేమిటి? అక్కడ ప్రొఫెసర్‌తో విభేదించడం తప్పు కాదు, చదువులో భాగం. పలు దేశాల వాళ్లతో కలిసి పని చేయాలి, వండుకోవాలి, ఖర్చు లెక్క చూసుకోవాలి. "కష్టమొస్తే ఎట్లా దాటావు?" అని బోర్డు అడిగితే చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది. మొఘల్‌పురాలో ఉన్న మనకూ అది కొంత ఉంది. ఊరి తెలుగుతో వచ్చి, ఈ గల్లీల్లో ఉర్దూ నేర్చుకొని, వేరే జిల్లాల వాళ్లతో ఒకే గదిలో సర్దుకున్నాం. దాన్నీ ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద లాభం బెదురు పోవడం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వస్తే ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. విదేశీ డిగ్రీ కులాన్ని చెరపలేదు. కానీ ఆయన తల వంచలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. "మీ నాన్న ఏం చేస్తాడు?" అని బోర్డు అడిగినప్పుడు "కూలి పని సార్" అనే మాట మన నోట స్పష్టంగా రావాలి. విదేశం వెళ్లినా, ఇక్కడే ఉన్నా నేర్చుకోవాల్సింది అదే.

అయితే ఉన్న ఎకరం అమ్మి, వడ్డీకి తెచ్చి వెళ్లడం నాకు సమ్మతం కాదు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల వరకు సాయం ఉంది. అది రెండు విడతలుగా వస్తుంది, మొదటిది కూడా అక్కడికి చేరిన తర్వాతే. ముందు ఖర్చుకు దారి చూసుకొనే దరఖాస్తు పెట్టాలి. గ్రూప్-1, గ్రూప్-2 లక్ష్యమైతే మాత్రం విదేశీ చదువుతో పని లేదు. వాటికి 2022లోనే ఇంటర్వ్యూలు ఎత్తేశారు.

చివరగా ఒక్క విన్నపం. విదేశాల్లో చదివి వచ్చిన మన హాస్టల్ అన్నలు ఏడాదికి ఒక ఆదివారం ఇక్కడికి రావాలి. తమ్ముళ్లను ఎదుట కూర్చోబెట్టుకొని ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేయాలి. విమానం ఎక్కలేని వాళ్లకు కూడా ఆ చదువు అంతో ఇంతో అందుతుంది.