మన యింటనే పరభాష

మాసి మాసమున కారమడై రంగనాథస్వామివారి రథోత్సవమునకు వచ్చు జనసందోహములో నిలిచి ఒక్కమారు చెవియొగ్గి వినుడు. తమిళముతోపాటు తెలుగు మాటయు వినవచ్చును. తాత మనుమని తెలుగున పిలుచును. మనుమడు తెలుగుననే బదులు పలుకును. కాని ఆ మనుమని చేతికి ఒక తెలుగు వాచకము నిచ్చి చదువుమనిన, వాడు దానిని జపాను భాషాగ్రంథమువలె త్రిప్పి చూచి తాత చేతికే మరల నిచ్చివేయును. పెక్కిండ్లలో తాతయు దానిని చదువలేడు.

మన పిల్లలకు తెలుగు చెవికి మాతృభాష, కంటికి పరభాష. ఈ సత్యము చేదైనను దీనిని ఒప్పుకొననంతవఱకు మన ప్రయత్నములేవియు ఫలింపవని నా యభిప్రాయము.

చట్టపు స్థితి మనకు తెలియనిది కాదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పినది. అయితే అది ప్రాథమిక దశతోనే ఆగినది. 2006లో తమిళనాడున వచ్చిన తమిళ అభ్యసన చట్టముచే 2006–07లో ఒకటవ తరగతినుండి తమిళము నిర్బంధమై, ఏటేటను ఒక్కొక్క మెట్టెక్కి 2015–16లో పదవ తరగతిని చేరెను. మొదటి భాగము తమిళము, రెండవది ఇంగ్లీషు, మూడవది తక్కిన విషయములు. మన భాషకు నాలుగవ భాగమున ఐచ్ఛికముగా చోటు దక్కినది. భాషాల్పసంఖ్యాకుల పాఠశాలల విద్యార్థులకు తమిళ పరీక్షనుండి న్యాయస్థానములు కొన్ని యేండ్లు మినహాయింపు లిచ్చినవి. సుప్రీముకోర్టు 2023లో ఆ యేటి పరీక్షకు అట్లే యిచ్చినది. కాని ఏటికేడు అర్థించి పొందు మినహాయింపు భాషను బ్రదికింపజాలదు. తమిళము మన బిడ్డలకు అన్నము పెట్టు భాష. దానిని వారు చక్కగా నేర్వవలసినదే. ఆ నాలుగవ చోటునైనను మనము నింపుచున్నామా యనునదే ప్రశ్న.

పరభాషలను నేర్పుటకు లోకమున ఒక శాస్త్రము పెరిగినది. 1882లో జర్మనీలో విల్హెల్మ్ ఫియెటర్ అను పండితుడు భాషాబోధన తలక్రిందులుగా నున్నదనియు, వ్యాకరణ సూత్రములు కంఠస్థము చేయించుట మాని పలుకుతో నారంభింపవలెననియు ఎలుగెత్తి చాటెను. అంతకు నాలుగేండ్లు ముందే, 1878లో, అమెరికాలో బెర్లిట్జ్ అను నాతడు నేర్పవలసిన భాషలోనే మాటలాడుచు నేర్పు పాఠశాలను తెఱచెను. ఇరువదవ శతాబ్దారంభమున ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడుగా నుండిన జె. ఎ. యేట్సు దొర ఈ పద్ధతినే మన దేశమున ప్రోత్సహించెను. పిల్లల నోట లేని తెలుగును వాచకములలో ఏల నేర్పుచున్నారను ఆయన ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) ఉద్యమమునకు ఒక ప్రేరణ. పంతులుగారు సవర భాషను ఆ జనుల నోటినుండియే నేర్చి, పిమ్మట దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. ముందు నోరు, పిదప చేయి అనునది వారి మార్గము.

ఈ మార్గమున మన పిల్లలు సగము దూరము నడచియే యున్నారు. జర్మను భాష నేర్చువానికి తొలి మాటనుండియు నేర్పవలెను. మనవానికి మాట యింటనే కలదు, లిపి మాత్రమే లేదు. అందును తమిళ మెఱిగిన బిడ్డకు ఎ-ఏ, ఒ-ఓ భేదములు క్రొత్తవి కావు. అచ్చు గుణింతమై హల్లును చేరుటయు క్రొత్త కాదు. క్రొత్తవి రెండే. తమిళమున ఒక్క అక్షరము వ్రాయు చోట మనకు క, ఖ, గ, ఘ అని నాలుగున్నవి. గుడి, కుడి అను రెండు మాటలను తమిళలిపిలో వ్రాసిన ఒకే రూపము వచ్చును. ఈ యొక్క ఉదాహరణముతో బిడ్డకు విషయము బోధపడును. రెండవది ఒత్తు. తమిళమున పై అక్షరమునకు చుక్క పెట్టి ప్రక్కన వ్రాయుదానిని మనము క్రింద వ్రాయుదుము. ఇట్లు తెలిసిన లిపినుండి తెలియని లిపికి వంతెన కట్టక, ఆంధ్రదేశపు బిడ్డకు వ్రాసిన వాచకమును మన బిడ్డ యెదుట పెట్టి వాడు వెనుకబడినాడని విచారించుట న్యాయమా?

వేల్సు దేశమును చూడుడు. అచ్చట 1988 నాటి విద్యాచట్టము వెల్షు భాషను పాఠశాలలలో పాఠ్యవిషయముగా స్థిరపఱచినది. వెల్షు ఇంటిభాషయైనవారికి ఒక తీరునను, కానివారికి రెండవ భాషగా వేఱొక తీరునను నేర్పుట నడచినది. తమ తాతల భాషను రెండవ భాషగా నేర్చుట వారికి అవమానముగా తోచలేదు.

"పిల్లలకు బరువు పెరుగదా?" అని కొందఱడుగుదురు. మార్కులు దొరకునని మేల్నిలై తరగతులలో ఫ్రెంచిని ఎన్నుకొను బిడ్డలకు అది బరువుగా తోచలేదు. ఉద్యోగమునకై జర్మనీకి పోదలచిన యువకులు ఆ భాషను పట్టుదలతో నేర్చుచున్నారు. అయినపుడు ఏబదియాఱక్షరములు మాత్రమే భారమగునా? "దీనివలన లాభమేమి?" అని మఱికొందఱు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారున తెలుగుననే పాడెను. తంజావూరు సరస్వతీమహలున తెలుగు తాళపత్రములు భద్రముగా నున్నవి. ఆ సొత్తు ఈ తమిళసీమలో మన పూర్వుల కాలమున పెరిగినది. తాళపుచెవి మాత్రము మన చేత లేదు.

కావున తలిదండ్రులకు నా మనవి. పాఠశాలలో నాలుగవ భాగమున తెలుగు కోరుడు. కోరువారు లేక ఉపాధ్యాయుని అడుగుట యెట్లు? ఉపాధ్యాయుడు లేని చోట వారమునకు రెండు సాయంకాలములు చదువ నేర్చినవారొకరు పిల్లలను చేరదీసి, వారు ఇంట పలుకు మాటలనే పలకపై వ్రాసి చూపుడు. మన ఊరి తెలుగున "పళ్లికూడము" వంటి తమిళపదములు కలిసినవని నవ్వకుడు. ఆ మాటనే మొదట తెలుగక్షరములతో వ్రాయింపుడు. శుద్ధాశుద్ధముల విచారము తరువాత.

వచ్చు మాసి రథోత్సవమునాటికి ఒక్క మనుమడైనను తెలుగు వాచకమును తాతకు చదివి వినిపించునేని, ఆ యింట తెలుగు పరభాష కాకపోవును.