నాలుగు రోగాలు, నాలుగు చీటీలు, అన్నీ కలిపి చూసేదెవరు?

పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికతో చదవండి.

శంషాబాద్ పక్కన తండాలో మా రూమ్మేట్ వాళ్ల బాపు ఉంటడు. హాస్టల్‌లో మేమందరం కాకా అనే పిలుస్తం. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైంది. తర్వాత కాకా చాలా ఏండ్లు అక్కడ గడ్డి, మొక్కల పని చేసిండు, కాంట్రాక్టు కింద. ఇప్పుడు మంచం మీద కూసొని నెత్తిమీద దిగే విమానాలు చూస్తుంటడు.

డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అన్నరు. ఆ మాట వినంగనే ఇంట్ల ఏడుపులు. ఫెయిల్ అంటే మాకు మెమోలో తెలిసిన ఫెయిలే కదా, పని అయిపోయిందనుకున్నరు. నిజానికి అది గుండె ఆగిపోవుడు కాదు. ఒంటికి కావాల్సినంత రక్తాన్ని సరిగ్గా పంపు చేయలేకపోవుడు. దాంతో నీరు ఊపిరితిత్తుల్లో, కాళ్లల్లో నిలుస్తది. పడుకుంటే ఆయాసం, పాదాల వాపు అందుకే. దీనికి తోడు కాకాకు షుగర్ ఉంది, బీపీ ఉంది, కిడ్నీలు కొంత దెబ్బతిన్నయి, మోకాళ్లు నొప్పి.

పోయిన వానాకాలం ఆస్పత్రిలో చేరిండు, నీరు తీసి పంపిండ్రు. నెల తిరగకముందే మళ్లీ కాళ్లు ఉబ్బినయి. గోలీలు సరిగ్గా మింగుతలేడని ఇంట్ల అందరూ ఆయన్నే తిట్టిండ్రు. మేము కూడా తిట్టినం, ఒప్పుకుంటున్నం. ఆదివారం పోయి మందుల సంచి మొత్తం చాప మీద గుమ్మరిస్తే సంగతి వేరే ఉంది. ఒకటే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల మీద ఉంది, కాకా రెండూ మింగుతున్నడు. చీటీల మీద లేనిది ఇంకోటి దొరికింది, మోకాళ్ల నొప్పి గోలీలు. తండాకొచ్చే ఆర్ఎంపీ ఇచ్చిండు, అప్పుడప్పుడు సూది కూడా. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఒంట్ల ఉప్పును, నీటిని ఆపుతయి, కిడ్నీని దెబ్బతీస్తయి, నీరు తీసే గోలీని సరిగ్గా పని చేయనియ్యవు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నోళ్లకు అవి పడవు. ఆర్ఎంపీని తిడుతలేం. రాత్రి పన్నెండింటికి పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే. కానీ కాకాకు గుండె జబ్బు ఉందని ఆయనకు ఎవరూ చెప్పలే. మోకాళ్ల సంగతి గుండె డాక్టరుకూ చెప్పలే, ఆయన అడగలే.

నీరు తీసే గోలీ సంగతీ ఇంతే. ఆస్పత్రికి పోయే రోజు కాకా అది మానేస్తడు. అది మింగితే మాటిమాటికి ఒంటేలుకు పోవాలె, సిటీ బస్సులో యాడికి పోతడు? చీటీ రాసినోళ్లకు ఆ బస్సు తెల్వదు. అడిగితే, అసలు మానకుండా ఇంటికొచ్చినంక ఏ టైంకు వేసుకోవాలో చెప్పిండ్రు. ఒక్క ప్రశ్నతో పోయే సమస్య అది.

ఇంకోటి మాకు ఇప్పటికీ బాధ. డాక్టరు “ఆయాసం వస్తుందా?” అంటే కాకా లేదన్నడు. అబద్ధం కాదు. నడిస్తే ఆయాసమని నల్లా దాకా పోవుడే మానేసిండు, ఇంక ఆయాసం యాడికెళ్లి వస్తది? ఏమేం పనులు మానేసినవని అడిగితే తెలిసేది. అది కూడా మన బోలీలో అడిగితే ఇంకా తొందరగ తెలిసేది.

ఉప్పు గురించి ఇంట్ల పెద్ద లొల్లి. జొన్నరొట్టె, పచ్చికారం తినే ఇంట్ల ఉప్పు తగ్గించుమంటే యాడికి కోపం వచ్చింది. మాలో ఒకడు తెలివి చూపించి సోడియం తక్కువుండే ఉప్పు ప్యాకెట్ కొనుకొచ్చిండు. డాక్టరు వెంటనే వద్దన్నడు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటదట. కిడ్నీ బాగలేనోళ్లకు, కొన్ని గుండె మందులు వాడేటోళ్లకు ఒంట్ల పొటాషియం పెరిగితే ప్రాణం మీదికొస్తది. సగం తెలిసిన సదువు మాది.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచిండ్రు. మంచిదే, మన తండాల్లో దానివల్ల బతికినోళ్లు ఉన్నరు. కానీ అది ముఖ్యంగా బెడ్డు మీద చేరినప్పటి ఖర్చుకు. చేరకుండా ఇంట్లనే బాగుండాలంటే కావాల్సింది వేరే: గోలీలు ఆగకుండా దొరకాలె, బరువు చూసుకోవాలె, అన్ని చీటీలు కలిపి ఒకరు చదవాలె. బీపీ, షుగర్ గోలీలు పీహెచ్‌సీలో ఇస్తరు. గుండెకు, కిడ్నీకి మాత్రం సిటీకి పోవాలె, ఒక్కో రోగానికి ఒక్కో తారీఖు, పోయినప్పుడల్లా తోడు వచ్చినోళ్ల కూలి కూడా పోతది.

ఒళ్లు డిపార్టుమెంట్ల లెక్కన పని చేయదు. డపాగ్లిఫ్లోజిన్ అనే మందునే చూడండి. షుగర్ కోసం వచ్చింది, తర్వాత గుండెకు, కిడ్నీకి కూడా మేలు చేస్తదని తేలింది. మన దేశంలో 2020లో దాని పేటెంట్ అయిపోయి ధర బాగా తగ్గింది. (ఇది చదివి ఎవరూ సొంతంగా కొని వేయొద్దు, అందరికీ పడదు.) మందే మూడు రోగాలను కలిపి చూస్తుంటే, ఓపీ చీటీ ఎందుకు చూడదు?

అందుకే మా డిమాండ్ చిన్నది. నెలకు ఒక్కరోజు పీహెచ్‌సీలో ఇట్లాంటోళ్ల మందుల సంచులు మొత్తం ముందర పెట్టుకొని, అన్నీ కలిపి ఒకటే కాగితం రాసియ్యాలె. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు. మండలంలో వినతిపత్రం ఇద్దామనుకుంటున్నం, సంతకాలు పెట్టేటోళ్లు కామెంట్‌లో మీ తండా పేరు రాయండి.

అప్పటిదాకా మేము చేసేది ఇది. స్కాలర్‌షిప్ పైసలతో బరువు మిషన్ కొన్నం. పొద్దున ఒంటేలుకు పోయొచ్చినంక, ఏం తినకముందు, కాకా దాని మీద నిలబడతడు. తొమ్మిదో క్లాసు చెల్లె గోడ మీద బొగ్గుతో అంకె రాస్తది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు పడుతున్నట్టే, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయాలె. పోయిన నెల ఒకసారి పెరిగింది, చెల్లె మాకు ఫోన్ చేసింది, తెల్లారే తీసుకపోయినం. డాక్టరు మందు మార్చి పంపిండు, ఈసారి బెడ్డు మీద చేరే పని పడలే.

వచ్చే మంగళవారం మళ్లీ ఓపీ ఉంది. సంచి మొత్తం పట్టుకపోతున్నం, గోడ మీది అంకెలు ఫోన్‌లో ఫొటో తీసుకున్నం.