అంకెలు కలిస్తే చాలదు
ఆవిష్కర్త జి.డి. నాయుడు తిరిగిన కోయంబత్తూరులో, 1951లో తెలుగు కుటుంబపు ధర్మసంస్థ నెలకొల్పిన పీఎస్‌జీ టెక్ ఉన్న ఊళ్లో, ఇంజనీరింగ్ పిల్లలకు ఒక అలవాటు గట్టిగా నేర్పాలి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలో ఆన్సిస్ ఒక బక్లింగ్ లోడు (వంగిపోయే బరువు), అబాకస్ మరొకటి చూపిస్తే, ఏది నిజమని అడిగే ముందు రెండింటికీ ఒకే ప్రశ్న వేశామా అని చూసుకోవాలి. సన్నటి ఉక్కు స్తంభానికి రెండు కొసలూ కీలుగా పెడితే ఒక లెక్క; రెండూ తిరగకుండా బిగిస్తే ఆయిలర్ సూత్రం ప్రకారం దానికి 4 రెట్లు. మెష్, ఎలిమెంటు తేడాలు ఆ తర్వాతి సంగతి. నాకు అసలు భయం రెండూ ఒకే అంకె చూపినప్పుడే. పలుచటి రేకు గొట్టంలో కంటికి ఆనని సొట్టను లీనియర్ విశ్లేషణ పట్టించుకోదు. పరీక్షలో ఆ గొట్టం లెక్కకట్టిన బరువులో సగానికే నొక్కుకుపోవచ్చు. ఆ సొట్టను కలిపి నాన్‌లీనియర్ విశ్లేషణ చేయనిదే అలాంటి డ్రాయింగు మీద ఎవరూ సంతకం పెట్టకూడదు.