రక్షణయు, న్యాయమును

బాల్కొండ పసుపుచేల ప్రక్కనుండి దక్షిణమునకు సాగు రహదారిపై పోయినచో, ఆర్మూరు దాటిన పిమ్మట డిచ్‌పల్లి వచ్చును. అచ్చట 1915లో ఇసబెల్ కెర్ అను మెథడిస్టు మిషనరీ వైద్యురాలు కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరచెను. రాజా నర్సాగౌడు అను హిందూ దాత దానికి ధనమిచ్చెను. అయినవారే ముట్టుటకు జంకిన దేహములను అచ్చట ముట్టి చికిత్స చేసిరి. ఆత్మకు రక్షణ బోధింప వచ్చినవారు దేహమును మరువలేదు.

మతము పరలోకమునకే దారి చూపవలెనా? ఇహలోకమందలి అన్యాయమును గూడ ఎదిరింపవలెనా? ఈ ప్రశ్నకు తెలుగునేల అంతకు పూర్వమే ఒక సమాధానము చూచినది. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కడకు అగ్రవర్ణులు కొందరు వచ్చి, మాదిగలను చేర్చుకొననిచో తాము సంఘములో చేరుదుమనిరి. ఆయన మాదిగలను విడువలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు పట్టి ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, కరువు కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. పిదప 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము పెట్టుట మతమునకు ఎర కారాదని ఆయన ఎరిగియుండెను.

అయితే కులము చర్చి గుమ్మము వెలుపలనే నిలిచిపోయినదా? లేదు. పెండ్లి సంబంధములలోను, సమాధుల చోటులలోను అది పలుచోట్ల లోనికి వచ్చినది. క్రైస్తవ కుటుంబమున పుట్టిన జాషువ కవి ఇరుమతములవారి చేతను అవమానము పొందెను. చట్టమును అట్లే యున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది లభించినది. క్రైస్తవుడైన దళితునకు లభింపలేదు. మతము మారినంతనే కులము పోయినదని చట్టము తలచును. ఊరు మాత్రము దానిని మరువదు.

కావున రక్షణను బోధించువారు ముందుగా తమ సంఘమునందలి అంతరములను తొలగింపవలెను. పిదప చట్టమును న్యాయమడుగుట వారికి శోభించును. ఉపాధ్యాయులు 'గబ్బిలము' బోధించునాడు ఛందస్సుతో ఆగక, ఆ కవి ఎవరికి మొరపెట్టుకొనెనో, ఎందుకు మనుష్యునితో చెప్పుకొనలేకపోయెనో పిల్లల నడుగవలెను. డిచ్‌పల్లిలో రోగిని ముట్టిన చేయి, సాటి మనుష్యుని ముట్టుటకు ఇంకను జంకుచున్న మనకు పాఠము చెప్పుచునే యున్నది.