తనివి అంటే సల్లబడుడు

'తనివితీరా' అనే మాట వాడనోళ్లు మనల ఎవరున్నరు? పండుగకు ఊరికొచ్చిన కొడుకును తల్లి తనివితీరా చూసుకుంటది. దుఃఖమొస్తే తనివితీరా ఏడ్చిన అంటం. మరి తనివి అంటే ఏంది? అడిగితే డిగ్రీలు చదివినోళ్లం కూడా 'తృప్తి' అని ఒక సంస్కృతం మాట చెప్పి తప్పించుకుంటం.

తనివి మన మాట. 'తనియు' అనే క్రియకు చుట్టం. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు కూడా దీనికి తృప్తి అనే అర్థమే ఇచ్చింది. కానీ వేరు ఇంకా లోతుల ఉన్నది. తమిళంల 'తణి' అంటే చల్లారు, శాంతించు. కన్నడంల 'తణి' అంటే చల్లబడు, తృప్తిపడు. తమిళుల 'తణ్ణీర్', కన్నడిగుల 'తణ్ణీరు' పుట్టుకతోని చల్లటి నీళ్లే. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ పదకోశం ఈ మాటలను ఒక్క కుదురుకే చేర్చింది. కోరిక మంట అయితే, ఆ మంట ఆరుడే తనివి.

ఈ సంగతి నిఘంటువు చూడని మా అవ్వకు తెలుసు. అన్యాయం చూస్తే 'కడుపు మండుతున్నది' అంటది. బువ్వ పెట్టినోళ్లను 'నీ కడుపు సల్లగుండ' అని దీవిస్తది. 'తణ్', 'చల్ల' వేర్వేరు వేర్లే కావచ్చు, భావం మాత్రం ఒక్కటే. సంస్కృతంల 'దాహం' కూడా కాల్చుడు అనే అర్థమున్న 'దహ్' ధాతువు నుంచే వచ్చింది.

ఏడో తరగతిల నేను వ్యాసంల 'కడుపు సల్లబడ్డది' అని రాస్తే, సారు ఎర్రసిరాతోని కొట్టేసి 'సంతృప్తి కలిగినది' అని దిద్దిండు. తరగతంత నవ్వింది. తనివి పుట్టుకకు సాక్ష్యం చెప్పే మాటనే కొట్టేసిండని నాకు తెలిసేటాలకు ఇరవై ఏండ్లు పట్టింది.

ఇంకో చిత్రం చూడుండ్రి. అప్పు తీరుతది, దూప తీరుతది, ఆశ తీరుతది. తీరుడంటే ముగుసుడు. తనివే తృప్తి అయినంక అది మళ్ల తీరుడేంది? వాడుకల ఆ మాట మెల్లగ కోరిక దిక్కు జరిగింది. అందుకే ఇయ్యాల మన చెవిన ఎక్కువగ పడేది 'తనివి తీరలేదు' అనే మాటే. తృప్తికి పుట్టిన మాట వెలితికి గుర్తయింది.

దఫ్తరు కాయితంల 'సంతృప్తి' అనే గడి ఉంటది. టిక్కు పెడితే పని అయిపోతది. కడుపు సల్లబడ్డదా అని ఆ గడి అడగది. ఆ ప్రశ్న ఇంటి మాటకే తెలుసు.

పంతుళ్లారా, పిల్లల నోటుబుక్కుల అసుంటి మాట కనబడితే ఎర్రకలం ఎత్తే ముందు ఒక్కసారి ఆగుండ్రి. ఇంట్ల దాని అర్థం అడిగి రమ్మని ఆ పిల్లగానికే చెప్పుండ్రి.